క్లాజెట్‌లో ఏడ్చే ఉద్యోగం

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. తెర మీద ఒకావిడ పెదవులు కదుపుతుంది, తెలుగులో మాట్లాడేది నేను. హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో హీరోయిన్ స్నేహితురాళ్లకీ, విలన్ భార్యలకీ, కోర్టులో సాక్ష్యం చెప్పే నర్సులకీ గొంతు ఇచ్చేదాన్ని. హీరోయిన్‌కి మాత్రం ఒక్కసారీ ఇవ్వలేదు. నా గొంతులో కాస్త బొంగురు ఉంది. "ఈ గొంతుతో ఐ లవ్ యూ అంటే పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇస్తున్నట్టుంటుందమ్మా" అనేవారు మా డబ్బింగ్ డైరెక్టర్ గారు. ఏడుపుకి మాత్రం నన్ను మించిన మనిషి లేదని కూడా ఆయనే అనేవారు. పదిమందిలో దిగమింగుకునే ఏడుపు, వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చే ఏడుపు, ఏడుస్తూనే ఎదుటివాణ్ణి తిట్టే ఏడుపు, ఏది కావాలన్నా ఇచ్చేదాన్ని.

అప్పట్లో అందరం ఒకే గదిలో, ఒకే మైకు ముందు నిలబడి చెప్పేవాళ్లం. తండ్రి గొంతు, కూతురి గొంతు, వాళ్లిద్దరినీ విడదీసే మేనత్త గొంతు పక్కపక్కనే భుజాలు రాసుకుంటూ ఉండేవి. రెండు సీన్ల మధ్య మిరపకాయ బజ్జీలు వచ్చేవి. గొంతుకి మంచిది కాదని అందరూ అంటూనే అందరూ తినేవాళ్లు.

మా ఆయనకి వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి, చంటిపిల్లను చంకనేసుకుని కెనడా వచ్చాక, నా పని ఏమిటో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఉద్యోగాలు వెతుక్కోవడంలో సాయం చేసే ఆఫీసులో ఒక అమ్మాయి "మీకు ఏమేం వచ్చు?" అని అడిగింది. "తెలుగులో బాగా ఏడుస్తాను" అన్నాను. ఆ పిల్ల నా వంక ఒకసారి చూసి కంప్యూటర్లో "కమ్యూనికేషన్ స్కిల్స్" అని కొట్టింది. ఆ స్కిల్స్ మీదే ఒక కాఫీ షాపులో డ్రైవ్ త్రూ పని దొరికింది. చెవికి హెడ్‌సెట్, నోటి ముందు చిన్న మైకు. కార్లలో వచ్చేవాళ్లకి నా గొంతు వినపడేది, నేను కనపడేదాన్ని కాదు. మైకుకీ నాకూ రుణం ఇంకా తీరలేదనుకునేదాన్ని.

ఇంతలో ఓటీటీలు వచ్చి ప్రపంచంలోని సీరియళ్లన్నీ మనవాళ్ల ఇళ్లలోకి దిగాయి. కొరియావాళ్లవీ, టర్కీవాళ్లవీ, ఎవరివైనా సరే మనవాళ్లకి తెలుగులో కావలసి వచ్చింది. ఒక పొద్దున డైరెక్టర్ గారి ఫోను.

"ఏమ్మా, గొంతు ఉందా, చలికి గడ్డకట్టిందా?"

"ఉందండీ. కానీ నేను కెనడాలో ఉన్నాను కదా."

"నువ్వు చంద్రమండలంలో ఉన్నా పర్లేదమ్మా. ఇప్పుడు స్టూడియోకి ఎవరూ రావట్లేదు. ఒక మైకు కొనుక్కో, ఫైళ్లు పంపిస్తాను. చప్పుడు లేని గది ఒకటి చూసుకో, అంతే."

చప్పుడు లేని గది కోసం మా అపార్ట్‌మెంట్ అంతా గాలించాను. హాల్లో కూర్చుంటే రోడ్డు మీద వెళ్లే ట్రామ్ రైలు గంట. వంటింట్లో ఫ్రిజ్ మూలుగు. బాత్రూంలో మాట్లాడితే నా మాట నాకే రెండుసార్లు వినపడుతోంది. చివరికి బెడ్‌రూమ్‌లో బట్టలు తగిలించుకునే క్లాజెట్ దొరికింది. తలుపు వేసుకుంటే చాలు, మందపాటి వింటర్ జాకెట్లు చప్పుడునంతా మింగేసేవి. చెప్పుల స్టాండ్ మీద ల్యాప్‌టాప్ పెట్టి, హ్యాంగర్‌కి మైకు కట్టి, మా అమ్మాయి చిన్నప్పటి స్టూలు మీద కూర్చున్నాను. అది వచ్చి తలుపు తీసి, "మామ్, ఆర్ యూ హైడింగ్ ఫ్రమ్ అజ్?" అంది. "కాదమ్మా, ఆఫీసు" అన్నాను. "వియర్డ్ ఆఫీస్" అని తలుపేసి వెళ్లిపోయింది.

అక్కడ సాయంత్రం, ఇక్కడ పొద్దున. డైరెక్టర్ గారు హైదరాబాద్‌లో టీ జుర్రుకుంటే ఆ చప్పుడు నా చెవిలో పడేది. అంతకు మించి ఇంకే మనిషి అలికిడీ ఉండేది కాదు. ఎవరి ముక్క వాళ్లు ఎవరింట్లో వాళ్లు చెప్పి పంపిస్తే, అన్నీ కంప్యూటర్లో అతికించేవాళ్లు. ఒక సీరియల్‌లో ఒక గొంతుతో నెలల తరబడి కాపురం చేశాను, పోట్లాడాను, విడాకులు కూడా పుచ్చుకున్నాను. ఆ గొంతు ఎవరిదో, అతను ఏ ఊళ్లో ఉంటాడో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత వచ్చిన కొరియా సీరియల్‌లో నేను పెద్ద కోడలిని. కొరియా అత్తగారు మన అత్తగార్లకి ఏ మాత్రం తీసిపోదు. పొద్దున్నే క్లాజెట్‌లో కూర్చుని వెక్కి వెక్కి ఏడవడం, కాళ్లావేళ్లా పడటం, "వద్దు, నన్ను వెళ్లనివ్వండి" అని కేకలు పెట్టడం నా దినచర్య అయింది. జాకెట్లు చప్పుడుని మింగుతున్నాయనే అనుకున్నాను. పక్క గదిలోకి వెళ్లకుండా మింగుతున్నాయి, నిజమే. కానీ కింద నేల ఉంది, నేల కింద ఇంకో ఇల్లు ఉంది.

ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఒక్కర్తే ఉండేది. సిటీ బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయిన మనిషి. మంచి పొడగరి, గొంతు కూడా బస్సు హారన్ లాగే ఉండేది. ఒకరోజు కింద లాండ్రీ గదిలో నా పక్కకి వచ్చి, చాలా నెమ్మదిగా, "ఇంట్లో అంతా బాగానే ఉందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"బాగానే ఉందండీ. కాస్త పని ఎక్కువగా ఉంది" అన్నాను.

"ఏం పని?"

"ఇంట్లోనే" అన్నాను. ఈలోపు డ్రయ్యర్ మోగింది. నేను బట్టలు తీసుకుంటుంటే ఆవిడ నా చేతుల వైపు, మెడ వైపు పట్టి పట్టి చూడటం గమనించాను గానీ కారణం తోచలేదు.

మా ఆయన ఇంటి నుంచే పని చేస్తారు. పొద్దున మీటింగ్ అయిపోగానే చెత్త సంచీ పట్టుకుని ఈల వేసుకుంటూ కిందికి దిగడం ఆయనకి అలవాటు. అంటే, పైన ఆడమనిషి ఏడుపు ఆగగానే మగమనిషి ఈల వేసుకుంటూ సంచీతో బయటికి వస్తాడన్నమాట. ఒకరోజు ఆయనే అన్నారు.

"ఆ కింద ఇంటావిడకి నా మీద ఏదో కోపం ఉంది. లిఫ్ట్‌లో గుడ్ మార్నింగ్ అంటే 'ఈజ్ ఇట్?' అంది."

"మీరు లిఫ్ట్‌లో ఈల వేస్తారు కదా, అందుకేమో."

"ఈల వేస్తే అంత కోపమా?"

కోడల్ని అత్తగారు మెట్ల మీంచి తోసేసే సీన్ వచ్చిన రోజున విషయం తేలింది. నేను కేక పెడుతున్నాను, డైరెక్టర్ గారికి నచ్చట్లేదు. "ఇంకా గట్టిగా అమ్మా. నువ్వు పడేది మెట్ల మీంచి, సోఫా మీంచి కాదు" అంటున్నారు. నేను బలమంతా పెట్టి ఒక కేక పెట్టాను. కాసేపటికి మా తలుపు దబదబా మోగింది.

మా ఆయన ఆమ్లెట్ కోసం ఉల్లిపాయలు తరుగుతున్నవారు, చాకు చేత్తోనే వెళ్లి తలుపు తీశారు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఎదురుగా కింద ఇంటావిడ. కారు మీద మంచు గీకే పొడుగాటి బ్రష్‌ని కత్తిలా పట్టుకుని నిలబడింది.

"ఎక్కడుంది ఆమె?"

మా ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "క్లాజెట్‌లో ఉందండీ" అన్నారు.

ఆవిడ ఆయన్ని పక్కకి నెట్టుకుని సరాసరి బెడ్‌రూమ్‌లోకి వచ్చి క్లాజెట్ తలుపు లాగింది. జుట్టంతా రేగిపోయి, చెమటతో, కన్నీళ్లతో, జాకెట్ల మధ్య ముడుచుకుని కూర్చున్న నేను కనపడ్డాను.

"బయటికి రామ్మా. భయపడకు. నేనున్నాను" అంది.

"ఒక్క నిమిషం ఆగండి. మెట్ల మీంచి పడటం ఇంకా అవలేదు" అన్నాను. ఆ కంగారులో నా నోటికి వచ్చిన ఇంగ్లీషు అదే.

హెడ్‌ఫోన్స్‌లో డైరెక్టర్ గారు, "ఎవరమ్మా అది? గొంతు భలే ఉందే! పోలీసాఫీసర్ పాత్ర ఒకటుంది, తెలుగు వచ్చేమో కనుక్కో" అంటున్నారు.

విషయం చెప్పడానికి నోటి మాట చాలలేదు. ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించి, ఆ సీన్ వేసి చూపించాను. తెర మీద కొరియా కోడలు మెట్ల మీంచి దొర్లుతోంది, నా గొంతుతో అరుస్తోంది. ఆవిడ ఒకసారి చూసింది. మళ్లీ వెయ్యమని ఇంకోసారి చూసింది. బ్రష్ కింద పెట్టి అడిగింది.

"ఆ ముసలిదానికి చివరికి శిక్ష పడుతుందా?"

"తెలియదండీ. అంతవరకూ ఫైళ్లు రాలేదు."

మర్నాడు మా ఆయన కోసం బనానా బ్రెడ్ చేసి తెచ్చింది. క్షమించమని అడిగింది. ఆయన కూడా ఆ రోజు నుంచి లిఫ్ట్‌లో ఈల మానేశారు. పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక ఆంటీ అన్నాను. ఆవిడకి ఆ పిలుపు నచ్చింది. ఆ సీరియల్ మొత్తం తెలుగు మాటలతో, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో చూసింది. "కొరియా మాటలతో పెట్టి చూశాను, నాకెందుకో డూప్లికేట్‌లా అనిపించింది" అని నాతో చెప్పినప్పుడు నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు.

ఆ తర్వాతి చలికాలంలో ఒక పొద్దున డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. టీ చప్పుడు లేదు. అప్పుడే నాకు ఏదో అనుమానం వచ్చింది.

"ఏమ్మా, కంపెనీవాళ్లు మాటలు చెప్పే మెషిన్ తెచ్చారు. నువ్వు కొన్నాళ్లు కూర్చుని వాళ్లిచ్చింది చదివితే చాలట. ఆ తర్వాత నువ్వు నిద్రపోతున్నా నీ గొంతు పని చేస్తూనే ఉంటుందట."

"అంటే నేను నిద్రపోతుంటే నా గొంతు వెళ్లి ఎవరెవరితోనో కాపురాలు చేసి వస్తుందా?"

"అంతేనమ్మా."

మా ఆయన్ని అడిగాను. ఆయన పని చేసేది అలాంటి లోకంలోనే. "టెక్నాలజీ బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఒకసారి ఇస్తే మళ్లీ వెనక్కి తీసుకోలేవు" అన్నారు. నేను వద్దన్నాను. ఇంకెవరో సరేనన్నారు. కొత్త సీరియల్ నుంచి నా బదులు మెషిన్ మాట్లాడటం మొదలుపెట్టింది. కుతూహలం కొద్దీ విన్నాను. ఒక్క అక్షరం తప్పు లేదు. బిడ్డ తప్పిపోయిన తల్లి, "అయ్యో. నా బిడ్డ. ఎక్కడ." అంటోంది. తర్వాతి ముక్కలో ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో కూడా చెబుతుందేమో అనిపించింది.

మెషిన్‌కి ఏడుపు మాత్రం రాలేదు. ఏడిపిస్తే తుమ్మినట్టు ఉందట. "మాటలు అది చెబుతుంది. ఏడుపులూ నిట్టూర్పులూ నువ్వు ఇయ్యమ్మా" అన్నారు డైరెక్టర్ గారు. అలా నేను మాటల్లేని ఆర్టిస్టునయ్యాను. పొట్టి ఏడుపు, పొడుగు ఏడుపు, ఉలికిపాటు, ఎక్కిళ్లు. ఒకరోజు హీరోయిన్ నూడిల్స్ తినే సీనుకి జుర్రుకునే చప్పుడు కావాలంటే, గిన్నెడు నూడిల్స్ వండుకుని క్లాజెట్‌లో కూర్చుని జుర్రుకున్నాను. మా ఆయన జాకెట్‌కి ఆ వాసన చలికాలమంతా పోలేదు.

కింద ఆంటీ ఒకరోజు లిఫ్ట్‌లో పట్టుకుంది.

"ఈ మధ్య నీ మాటలు వినపడట్లేదు. ఒట్టి ఏడుపే వినపడుతోంది. ఇది పనేనా, లేక నిజం ఏడుపా?"

సంగతి చెప్పాను. ఆవిడ పకపకా నవ్వింది.

"నేను బస్సు నడిపే రోజుల్లో స్టాపుల పేర్లు నేనే చెప్పేదాన్ని. ఒక్కో స్టాపుకి ఒక్కో జోకు ఉండేది. తర్వాత మెషిన్ చెప్పడం మొదలుపెట్టింది. 'తలుపు దగ్గర నిలబడకండి' అని అరవడం ఒక్కటే నాకు మిగిల్చారు."

"మరి ఏం చేశారు?"

"అవసరం లేకపోయినా అరిచేదాన్ని."

నవ్వుకున్నాం గానీ ఆ మాట నాలో ఉండిపోయింది. మాటలు చెప్పుకుంటూ పోతే ఏడుపు దానంతట అదే వచ్చేది. మాట వెనకే వచ్చే మనిషి అది. ఇప్పుడు మాట లేకుండా దాన్ని ఒక్కదాన్నే రమ్మంటున్నాను. ఒక పొద్దున ఎంత ప్రయత్నించినా రాలేదు.

"ఎవరు చనిపోయారండీ?" అని అడిగాను.

"ఎవరో తమ్ముడు అనుకుంటానమ్మా. నువ్వు ఏడ్చెయ్యి."

"ఎలాంటి తమ్ముడో తెలియకుండా ఎలా ఏడవనండీ?"

"నాకూ తెలియదమ్మా. ఈ మధ్య నాకు కూడా ముక్కలే పంపిస్తున్నారు. కథ మొత్తం చూసి చాలా కాలమైంది" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన గొంతు అంత చిన్నగా నేను వినలేదు.

"అయితే ఒక పని చేద్దామండీ. ఎవరి మాటలు నేను చెబుతానో వాళ్ల ఏడుపే ఏడుస్తాను. విడిగా ఏడుపులు అమ్మను."

"మరి వాళ్లు ఇంకెవరినైనా చూసుకుంటారేమో."

"చూసుకోనివ్వండి."

చూసుకున్నారు. ఫోన్ మోగడం ఆగిపోయింది. కాఫీ షాపులో ఇంకో రెండు పూటలు అడిగి తీసుకున్నాను. ఖాళీ అయిన క్లాజెట్‌లో మా అమ్మాయికి ఎప్పుడో పోయిన గ్లవ్స్ దొరికాయి. నాకైతే డ్రైవ్ త్రూలో "ఇంకేమైనా కావాలా?" అని అడుగుతున్నప్పుడు కూడా మాట పెదవులకి సరిపోతోందా అని చూసుకునే అలవాటు పోలేదు.

మంచు కరిగే రోజుల్లో డైరెక్టర్ గారు మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి టీ చప్పుడు బాగా వినపడింది. "ఒక ముసలమ్మ పాత్ర ఉందమ్మా. సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే మనిషి, రోజంతా అందరినీ తిడుతూ ఉంటుంది. మెషిన్ చేత తిట్టిస్తే వార్తలు చదివినట్టు తిట్టింది. చూసినవాళ్లు ఆ ముక్కలు కత్తిరించి ఫోన్లలో పంపించుకుని నవ్వుతున్నారు. కంపెనీ పరువు పోతోంది. నువ్వు కాకినాడ పిల్లవే కదా?"

"కదా ఏమిటండీ, పుట్టిందే రేవు దగ్గర!"

మెషిన్ వచ్చిన తర్వాత ఇన్నాళ్లకి మొదటి నుంచి చివరి దాకా నాదే అయిన పాత్ర. అందులో ముసలమ్మ ఒక్కసారి కూడా ఏడవదు. నేను మా ఊరి యాసంతా బయటికి తీశాను. "ఒరే సచ్చినోడా, ఆ బుట్ట ఇటెట్రా, కాకులెత్తుకుపోతన్నాయ్!" అని క్లాజెట్ అదిరేలా అరిచాను. ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే మా అమ్మాయి తలుపు బయట కూర్చుని వినడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి, హోంవర్క్ చేస్తూ పెన్సిల్ ముక్కు విరిగితే, దాని వంక చూసి స్పష్టంగా "సచ్చినోడా" అంది. "మంచి తెలుగు నేర్పిస్తున్నావు" అన్నారు మా ఆయన. యాస తప్పు లేకుండా వచ్చినందుకు నేను లోలోపల మురిసిపోయాను.

ఆ సీరియల్‌లోనే చేపల సంత ఉంది. మెషిన్‌తో గుంపు చేయిస్తే అందరూ ఒకేసారి ఒకే మాట అంటున్నారట. "మీ చర్చిలో తెలుగువాళ్లున్నారు కదమ్మా" అని డైరెక్టర్ గారు గుర్తు చేశారు.

మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక పాత చర్చి బేస్‌మెంట్ అద్దెకి తీసుకుని కూడుకుంటుంది. ఆరాధన అయ్యాక భోజనాలు. పాస్టర్ గారిని అడిగాను.

"సీరియల్‌కా అమ్మా? అందులో కానిమాటలేం లేవు కదా?"

"చేపల బేరమేనండీ."

"చేపలైతే అభ్యంతరం లేదు. ప్రభువు శిష్యులు చేసిన పనే కదా" అన్నారు.

భోజనాలు కాగానే పాటల స్టాండ్‌కి మైకు తగిలించాను. భీమవరం ఆంటీలు, వరంగల్ నుంచి వచ్చిన కుర్ర ఇంజనీర్లు, కర్నూలు డాక్టరమ్మ చుట్టూ నిలబడ్డారు. "సంతలో ఉన్నట్టు బేరాలాడండి" అన్నాను. మొదటిసారి అందరూ మొహమాటపడి ఊరుకున్నారు. ఒక ఆంటీ మాత్రం "చేపలెంతండీ?" అని మెల్లగా అడిగేసరికి అందరూ గొల్లుమన్నారు. రెండోసారి, కాలేజీ రోజుల్లో నాటకాలు వేసిన ఒక అంకుల్ ముందుకొచ్చి చెయ్యెత్తి, "ఓ మత్స్యమా!" అని మొదలుపెట్టారు. ఆయన్ని ఆపడానికి పాస్టర్ గారు కలగజేసుకోవలసి వచ్చింది.

చివరికి, "చేపల సంగతి వదిలేయండి. రోజూ భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుంటారో అవే మాట్లాడుకోండి" అన్నాను.

అంతే, బేస్‌మెంట్ హోరెత్తింది. పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేసినవాళ్లు, ఇంకా చెయ్యనివాళ్లు, బిర్యానీలో ఉప్పు ఎక్కువైందన్నవాళ్లు, ఎక్కడో దూరాన ఒషావాలో ఇల్లు చూసి వచ్చి అలిసిపోయినవాళ్లు, ఒకరి మాట మీద ఒకరు. కళ్లు మూసుకుంటే నిజంగా సంతే.

పంపించిన మర్నాడు డైరెక్టర్ గారు ఫోన్ చేశారు.

"గుంపు అదిరిందమ్మా! కానీ ఒక గొంతు 'వింటర్ టైర్లు ఎప్పుడు మారుస్తున్నారు బ్రదర్' అంటోంది."

"అయ్యో, తీసేసి మళ్లీ చేయమంటారా?"

"పైన సముద్రం చప్పుడు వేస్తున్నాను, ఎవరికి వినపడుతుంది? ఉండనియ్యి."

సముద్రం ఎంత హోరెత్తినా ఆ టైర్ల మాట అన్నాయనకి వినపడింది. ఆ మాట అన్నది నాటకాల అంకులే. ఇండియాలో బంధువులందరికీ ఫోన్లు చేసి ఎక్కడ చెవి పెట్టాలో చెప్పారట. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పుకునే సమయంలో లేచి నిలబడి, ఈ వయసులో తనకి తెర మీద అవకాశం ఇచ్చినందుకు ప్రభువుకి స్తోత్రం చెల్లించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

భోజనాల దగ్గర నా ప్లేటు పక్కనే తన ప్లేటు పెట్టుకుని అడిగారు.

"సిస్టర్, ఈసారి మనకేం సీన్?"

"యుద్ధం అంకుల్. రాజుగారి కోట ముట్టడి."

ఆయన ప్లేటు పక్కకి నెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, చుట్టూ కూర్చున్న సంఘాన్నంతా ఒకసారి సేనాధిపతిలా కలయజూశారు.

"మనం కోట లోపలున్నామా, బయటున్నామా?" అన్నారు.